ముగ్గుల తిరిగిన లారీ

ఆ రోజుల్ల మా శాలిబండకు లారీ వచ్చిందంటే బారాత్ వచ్చినట్టే. పని ఉన్నోళ్లు, లేనోళ్లు అందరు గల్లీలకు ఉరికేటోళ్లు. నేనైతే లారీ బాడీలు కట్టే కార్ఖానాల పనికే చేరిన. చేరిన కొద్దిరోజులకే నన్ను నేను ఇంజనీర్ననుకున్న (మా ఉస్తాద్ మాత్రం ‘ఢీలా పేచ్’, అంటే వదులు మర, అని పిలిచేటోడు). ఒకపారి పత్తి సేటొకాయన, లారీలు కట్టించే ముందు బొమ్మంత నమూనా చూడాలన్నడు. అది నిజం లారీ లెక్కనే మలుపు తిరగాలట. ఉస్తాద్ ఆ పని నాకిచ్చి, "చూడు మియా, ఇది మంచిగైతే నువ్వు పనితనమున్న కారీగర్‌వి. లేకుంటే మీ బాపు కిరాణా దుకాణంల బెల్లం తూకమేసుకో" అన్నడు.

కట్టెతోని బాడీ, రేకుతోని మూతి చేసిన. ముందటి చక్రాలు రెండు సిపాయిల లెక్క ఒక్కతీరుగ తిరిగేటట్టు, ఒక్కోదాని వెనుక చెయ్యి లెక్క పట్టీ పెట్టి, రెండిటి నడుమ కమ్మి బిగించిన. సేటు వచ్చి, తాగుతున్న చాయ్ కప్పు లారీల పెట్టి, "మాల్ ఎక్కింది, ఇగ తిప్పు" అన్నడు. తిప్పి గుంజిన. లారీ కీచుమని ఎగిరింది. కప్పు సేటు తెల్లధోతి మీద దిగింది. "ఇది లారీనా, మేకపిల్లనా?" అన్నడు సేటు. ఉస్తాద్ బతిమాలి జుమ్మా దాక, అంటే శుక్రవారం దాక, గడువు అడిగిండు.

తెల్లారి మా వాకిట్ల దాన్ని గుండ్రంగ తిప్పుతుంటే అమ్మ లొల్లి: "ఓరి నీ లారీ పాడుగాను! ఇప్పుడే ముగ్గేసిన గద!" నేను బోర్ల పండుకొని ముగ్గునే చూస్తున్న. బయటి చక్రం గీత సన్నగుంది. లోపలిదేమో చీపురుతోని ఊడ్చినట్టుంది. అప్పుడు బుర్రల పడ్డది: లోపలి చక్రం చిన్న సున్న చుట్టాలె, బయటిది పెద్ద సున్న. రెండు ఒక్కతీరుగ మలిగితే ఎట్ల? లోపలిదే ఎక్కువ మలగాలె! సంబురంగ, కమ్మిని పట్టుకునే రెండు చేతులను బయటికి వంచిన. చక్రాల ముక్కులు ఒకటి ఇటు, ఒకటి అటు చూడబట్టినయి. "మెల్లకన్ను పెట్టినవేందిరా దానికి?" అన్నది అమ్మ. మళ్ల పీకి, ఆ చేతులు రెండు వెనుక ఇరుసు నడిమికి చూసేటట్టు లోపలికి వంచి, కమ్మి పొట్టిగ కోసిన. ఈసారి అమ్మనే ముగ్గుపిండి చల్లి, "తిప్పు, చూద్దాం" అన్నది. రెండు సన్నటి సున్నలు, ఒకదాన్లొకటి! "నేనేసినా గింత మంచిగ రాదు" అని ముక్కు మీద ఏలేసుకున్నది.

జుమ్మా నాడు సేటు ధోతి మోకాళ్ల దాక ఎగేసుకొని, దూరంగ నిలబడి, చెయ్యి సాపి కప్పు పెట్టిండు. లారీ మెత్తగ మలిగింది. చాయ్ జర వణికింది గని ఒలకలే. సేటు ఆ కప్పే తీసి తాగి, "చాయ్ చల్లారింది, లారీ బాగుంది" అని కట్టుడు పని మాకే ఇచ్చిండు. ఆ ఒక్క పూట ఉస్తాద్ నన్ను నా అసలు పేరుతోని పిలిచిండు. ఎవర్నో పిలుస్తున్నడనుకొని నేను పలకనే లేదు.

ఇప్పటికీ బస్సు మలుపు తిరుగుతుంటే వంగి ముందు చక్రాల దిక్కు చూస్త. మొన్న మనుమరాలు నా చెయ్యి పట్టుకొని, "ఏం పడిపోయింది తాతా?" అన్నది. "ఏం పడలే బిడ్డా, మంచిగనే తిరిగింది" అన్న. బస్సు ఎప్పుడో పోయింది. నేనింకా వంగే ఉన్న.