నాలుగో పాదం పుస్తకంలో ఉందండీ

కొత్త పుస్తకాల కట్ట విప్పగానే వచ్చే సిరా వాసన నన్ను నేరుగా తీసుకెళ్లి పామర్రు బస్సులో కూర్చోబెడుతుంది. ఈ సాయంత్రం విజయవాడ పుస్తకాల పండగలో మా చిన్న స్టాలు తెరుస్తున్నప్పుడూ అదే జరిగింది. బల్ల మీద సలోమి గారి పద్యాల పుస్తకం పేర్చాను. ఆవిడ పోయాక నేనూ, ఆవిడ శిష్యులు కొందరూ కలిసి మళ్లీ అచ్చువేయించాం. జనం మిరపకాయ బజ్జీల వైపు సాగిపోతున్నారు కానీ, మా బల్ల దగ్గర ఎవరూ ఆగడం లేదు. ఆవిడే ఉంటే ఈపాటికి సగం జనాన్ని ఇటు తిప్పేసేవారు.

సలోమి గారు పామర్రు బడిలో తెలుగు టీచరు. నేను అక్కడ లెక్కలు చెప్పడానికి చేరేనాటికి ఆవిడకు జుట్టు నెరుస్తోంది. పద్యాల పుస్తకం ఒకటి సొంతంగా అచ్చువేసుకుని చేతిసంచీలో పెట్టుకు తిరిగేవారు. విజయవాడ బస్సెక్కితే చాలు, డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడి గొంతెత్తేవారు.

*కొండ దిగిన నీరు గొంతు తడిపి వచ్చి*
*కాల్వ వెంట పాట కలిపి నడిచె*
*పైరుతోటి నీరు పలుకరించి యడిగె*

అంతే, అక్కడ ఆపేసేవారు. కిటికీ పక్కన కునుకు తీస్తున్నవాళ్లు కూడా కళ్లు తెరిచి, ఏమడిగిందని అడిగేవాళ్లు. "నాలుగో పాదం పుస్తకంలో ఉందండీ" అని ఆవిడ సంచీ తెరిచేవారు. కొన్నవాళ్లందరి పేరూ ఊరూ అడిగి, మొదటి పేజీలో రాసి మరీ ఇచ్చేవారు. పక్క సీట్లో నేను మాత్రం ఆవిడెవరో తెలియనట్టు కాలువ వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

ఒకరోజు స్టాఫ్‌రూములో హెడ్మాస్టరు గారు, సరస్వతిని బస్సుల్లో పళ్లపొడిలా అమ్మడమేమిటని నొచ్చుకున్నారు. సలోమి గారు క్యారేజీ మూత పెట్టి నింపాదిగా జవాబిచ్చారు. "పాత కావ్యాలు మీరూ చదివారు కదండీ. మొదట్లో దేవుడు కల్లోకొచ్చి రాయమన్నాడంటారు. చివర్లో ఇది చదివితే సిరిసంపదలు కలుగుతాయంటారు. అది ప్రచారం కాదేంటండీ? నా కల్లోకి ఎవరూ రాలేదు. అందుకని బస్సెక్కాను."

హెడ్మాస్టరు గారే ముందు నవ్వారు. అడగనిదే అమ్మైనా పెట్టదు, చదవమని అడగడానికి నాకెందుకు నామోషీ అని ఆవిడ తర్వాత నాతో అన్నారు.

అంత ధీమా మనిషికీ ఒక దెబ్బ తగిలింది. ఒకనాడు బస్సులో ఆవిడ పద్యం ఆపగానే, వెనక సీట్లోంచి ఒక బట్టల వ్యాపారి లేచాడు. తాను ఇదివరకే కొన్నానని, పుస్తకంలోనూ మూడు పాదాలే ఉన్నాయని అందరికీ వినపడేలా చెప్పాడు. సంచీలోంచి ఒక ప్రతి తీసి చూశాం. నిజమే. పేజీ మారేచోట నాలుగో పాదం అచ్చులో ఎగిరిపోయింది. పద్యం ఆవిడకు కంఠతా వచ్చు కాబట్టి అచ్చయ్యాక ఆ పేజీ తెరిచి చూసుకోనే లేదు. బస్సంతా ఘొల్లున నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ప్రెస్సువాళ్లు చీటీ అచ్చువేసి అతికిస్తామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. "పుస్తకంలో ఉందని ఇంతమందికి నోటితో చెప్పాను. లేకపోతే నేను అబద్ధాలకోరునే కదమ్మా. కొన్నవాళ్ల ఇళ్లకెళ్లి నా చేత్తో రాసి రావాలి" అన్నారు. హాజరుపట్టీలో పిల్లల పేర్లలా, కొన్నవాళ్ల పేర్లూ ఊళ్లూ ఆవిడకు గుర్తే. ఆదివారం చర్చిలో ప్రార్థన ముగియగానే బయలుదేరేవాళ్లం. ఇబ్రహీంపట్నం కరెంటు ఉద్యోగుల క్వార్టర్స్‌లో టీ ఇచ్చారు, ఉయ్యూరు దగ్గర ఒకాయన అసలు చదవనేలేదని సిగ్గుపడ్డాడు. వెళ్లిన ప్రతిచోటా ఆవిడ పద్యం మొత్తం చదివి, ఖాళీలో రాసేవారు: *ఎవరి కడుపు నింప నెదుగుదీవు*. ఆ రాగానికి పక్కింటివాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చేవాళ్లు.

మంగళగిరిలో పద్మ అనే ఆవిడ ఇంటికి వెళ్లాం. భార్యాభర్తలిద్దరూ మగ్గం నేస్తారు. సలోమి గారు పెన్ను తీయగానే పద్మ పుస్తకాన్ని వెనక్కి దాచుకుంది. "మీరొస్తారనుకోలేదండీ. ఖాళీగా ఉంటే బాలేదని నేనే ఏదో రాసేశాను" అంది.

బతిమాలితే చూపించింది. మూడు పాదాల కింద గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: *మగ్గమున్న యింటి మాటయేమి*.

సలోమి గారు దాన్ని రాగం తీసి చదివారు. మళ్లీ చదివారు. లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఆవిడ పెన్నుకు మూత పెట్టేశారు. "ఇది నీ పుస్తకమైపోయిందమ్మా. ఇందులో నేను రాయకూడదు" అన్నారు. తిరుగు బస్సులో ఆవిడ ముఖం చూసి తీరాలి. తొలిసారి తన పేరు అచ్చులో చూసుకున్నప్పుడు కూడా అంత పొంగిపోయి ఉండరు. మళ్లీ ఎప్పుడైనా అచ్చువేస్తే ఆ చోటు ఖాళీగానే ఉంచమనీ, తన పాదం చివరి పేజీలో వేయమనీ నాకు అప్పజెప్పారు. అలాగే వేయించాను. అలాంటి మనిషి పక్క సీట్లో కూర్చున్నానని చెప్పుకోవడం నాకు ఇవాళ ఎంతో గర్వం.

సిరా వాసనలో ఇదంతా గుర్తొచ్చాక కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి, బల్ల ముందుకొచ్చి గొంతెత్తాను. నా గొంతు ఆవిడ గొంతంత బాగుండదు, అయినా మూడు పాదాలూ పూర్తిచేసి ఆపాను. కాలేజీ బ్యాగుతో పోతున్న ఒక అమ్మాయి వెనక్కి తిరిగింది.

"ఏమడిగిందండీ?"

"నాలుగో పాదం పుస్తకంలో ఉందండీ" అన్నాను.

ఆ అమ్మాయి పేజీ తెరిచి, ఖాళీ చూసి, నా వైపు చూసింది. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి. రెండోది తీసి ఆమె చేతికిచ్చాను.