నాకే తెలియని నా నిద్ర

సౌదీలోని జుబైల్‌లో, ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని జరుగుతోంది. నేను క్రేన్ మీద ఉన్నాను. కింద లోడు కట్టి సైగలిచ్చే రిగ్గర్ గంగారాం చెయ్యి చాచి ఆగమని సైగ చేశాడు. సైగ నాకు స్పష్టంగా కనిపించింది. లివర్ మీది నా చెయ్యి మాత్రం వెంటనే కదలలేదు. పైపు ఊగుతూ అతని హెల్మెట్ పక్కకు వచ్చి ఆగింది. టీ టైమ్‌లో గంగారాం నా దగ్గరికొచ్చి, "నర్సన్నా, కండ్లు తెరిచి పండుకున్నవా ఏంది?" అని నవ్వాడు.

అప్పటికి నెలల తరబడి నాకు నిద్ర లేదు. కనీసం నేనలా నమ్మాను. క్యాంపు రూమ్‌లో ఎవరు దగ్గినా, ఎవరు ఇంటికి ఫోన్ చేసి గుసగుసలాడినా, ఏసీ ఆగినా నాకు వినిపించేది. పొద్దున్నే ఎవరేం మాట్లాడారో అప్పజెప్పేవాణ్ణి. మా రూమ్ వాళ్లు జాలిపడ్డారు, వెంటనే లాభమూ చూసుకున్నారు. "నీకెట్లాగూ నిద్ర పడ్తలేదు గదన్నా, డ్యూటీకి మమ్ముల లేపు" అన్నారు. ఫోన్లలో అలారాలు తీసేశారు. ఏదో ఒక పనికి పనికొస్తున్నానని నాకూ గర్వంగానే ఉండేది.

కింది మంచం గంగారాందే. "గురక పెడ్తున్నవే అన్నా, నిద్ర లేదంటవేంది" అనేవాడు. వెటకారం చేస్తున్నాడనుకుని కొన్నాళ్లు మాట్లాడటం మానేశాను.

అవి ఉద్యోగాల్లో సౌదీలకు వాటా ఇవ్వాలన్న నితాకత్, విదేశీ పనివాళ్ల మీద పన్నులాంటి లెవీల రోజులు. మనిషి మనిషికీ లెవీ కట్టాలి కాబట్టి ఎవరిని ఉంచాలో, ఎవరికి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపాలో కంపెనీ చూస్తోంది. నిద్ర లేదని నోరు జారితే అన్‌ఫిట్ అని రాస్తారు. చెప్పకపోతే గంగారాం తల మీద లోడు తిప్పాలి. ఈ రెండింటి మధ్య నలిగిపోయాను. ఎవరో ఇచ్చిన దగ్గు మందు తాగి చూశాను. మర్నాడు క్యాబిన్ ఎక్కుతుంటే కళ్లు తిరిగాయి. దిగివచ్చి నేరుగా సేఫ్టీ ఆఫీసర్ ఫహద్ దగ్గరికి వెళ్లాను.

ఫహద్ అంటే మాకు గుబులు. సౌదీ కుర్రాడు, కొత్తగా వచ్చాడు. మమ్మల్ని పంపడానికే వచ్చాడని మా అనుమానం. అతను అంతా విని, తనకొచ్చిన హిందీలో, "క్రేన్ నహీ. స్టోర్ మే బైఠో. పహ్లే డాక్టర్. మాఫీ ముష్కిల్" అన్నాడు. ఇబ్బందేం లేదని అంత సులువుగా చెబుతాడని నేననుకోలేదు.

ఆసుపత్రిలో రాత్రంతా పడుకోబెట్టి స్లీప్ స్టడీ చేశారు. తలనిండా జిగురు, వైర్లు, ఛాతీకి బెల్టు. పెళ్లిలో కూడా నన్నింతగా ముస్తాబు చేయలేదు. పొద్దున డాక్టరమ్మ అడిగింది. ఆమెది గుంటూరు.

"ఎలా నిద్రపోయారండీ?"

"కన్ను మూయలే మేడం. నర్సు వచ్చిపోయింది గూడ ఎరుకే."

ఆమె స్క్రీన్ నా వైపు తిప్పింది. "నర్సు వచ్చినప్పుడు మీరు స్టేజ్ టూ స్లీప్‌లో, అంటే నిజం నిద్రలోనే ఉన్నారు. చాలాసేపు పడుకున్నారండీ. గురక కూడా రికార్డయింది."

నాకు గంగారాం ముఖం గుర్తొచ్చింది.

"అయితే మీరు అబద్ధం చెప్పట్లేదు" అంది. "మెదడు అలలు చూపే ఈఈజీలో నిద్ర అలల మధ్య మెలకువలో ఉండే ఫాస్ట్ అలలు కనిపిస్తున్నాయి. ఇన్సోమ్నియాలో, అంటే నిద్రలేమిలో, కొందరికి ఇలా ఉంటుంది. ఒళ్లు పడుకుంటుంది, మెదడు కొంత కాపలా కాస్తూనే ఉంటుంది. అందుకే నిద్రపోయినట్టు మీకు అనిపించదు, అలసటా తీరదు. ఇంతకీ పడుకునేటప్పుడు ఏమనుకుంటారు?"

"పొద్దుగాల అందర్ని లేపాలె అనుకుంట."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "ముందు ఆ ఉద్యోగానికి రిజైన్ చేయండి."

నిద్ర సుఖమెరగదంటారు. నా నిద్రకైతే తాను నిద్రనన్న సంగతే తెలియదు.

మాత్రలు రాయలేదు, నియమాలు చెప్పింది. నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కాలి, రోజూ ఒకే వేళకు లేవాలి, టైమ్ చూసుకోకూడదు, మంచం నిద్రకే వాడాలి. "క్యాంపుల మంచమే ఇల్లు మేడం" అన్నాను. తిండి, పేకాట, వీడియో కాల్ అన్నీ దాని మీదే కదా. "అయితే కుర్చీ కొనుక్కోండి" అంది. ప్లాస్టిక్ కుర్చీ కొని వరండాలో వేసుకుంటే మా వాళ్లు నన్ను కలెక్టర్ సాబ్ అని పిలవడం మొదలుపెట్టారు. మొదట్లో అలసట ఇంకా పెరిగింది. స్టోర్‌లో బోల్టులు లెక్కపెడుతూ తూగేవాణ్ణి. ఈ నియమాలన్నీ వదిలేస్తానంటే గంగారాం ఒప్పుకోలేదు. అందర్నీ లేపే పని నాకు తప్పించడానికి అలారం గడియారం కొనుక్కొచ్చి, మోత బాగా రావాలని స్టీలు కంచంలో పెట్టాడు. ఆ మోతకు పక్క రూమ్ వాళ్లు కూడా లేచేవాళ్లు.

మెల్లగా తల తేలికైంది. డాక్టరమ్మ ఫిట్ అని రాసింది. ఫహద్ ఖాళీ జాగాలో నాతో లోడు ఎత్తించి చూసుకుని, మళ్లీ క్రేన్ ఎక్కించాడు. కింద గంగారాం చెయ్యి చాచాడు. లోడు అక్కడికక్కడే ఆగింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఇప్పటికీ కొన్ని రోజులు నిద్ర పలుచగానే ఉంటుంది, కానీ భయం లేదు. మొన్న కంచం మోగి మోగి ఆగిపోయిందట. గంగారాం నన్ను పట్టుకుని ఊపుతున్నాడు. "లే అన్నా, బస్సొచ్చింది."

"నేను మేల్కొనే ఉన్న" అన్నాను, అలవాటుగా. రూమంతా ఘొల్లుమంది.

నాలాంటి వాళ్లకు ఒకటే చెబుతాను. నిద్ర పట్టడం లేదని డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పక్క మంచం మనిషిని వెంట తీసుకెళ్లండి. మీ నిద్రను చూసినవాడు అతనొక్కడే.