కాంటా లేని రేడియో

పాత రేడియోలు కొనే జబ్బు నాది. చేతిలో పట్టేవి కావు, నేల మీద నిలబడే నడుమెత్తు చెక్క పెట్టెలు. కొన్న ప్రతిదానికీ ఒక కథ కడతాను. ఒకటి రాణిగారి మంచం పక్కన ఉండేదంటాను, ఇంకొకటి తన గొంతుతో పెద్దపులిని తరిమిందంటాను. మా బావ ఒక్కడే చివరిదాకా విని, "ఆ పులికి తెలుగొచ్చా, హిందీయా?" అని అడిగేవాడు.

బావ టాటానగర్ రైల్వే యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. బండిని ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్లించే కాంటా లాగడం ఆయన పని. అబద్ధమాడడం చేతకాదు. కూరలో ఉప్పెక్కువైతే అక్క ఇంకా వడ్డిస్తుండగానే చెప్పేసేవాడు.

ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. ఇక ఇంట్లోనే ఉంచుకోమని డాక్టరు అక్కతో చెప్పాడు. బిర్సానగర్‌లో వాళ్లింటికి వెళ్లినప్పుడు బావ నన్ను ఒక్కటే అడిగాడు.

"డ్యూటీ దిగి రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బులో పెద్ద రేడియో కాడ కూకునేవోళ్లం. ఇశాపట్నం స్టేషన్ పాటలొచ్చీవి. ఓపాలి ఇనిపించరా."

పాత సామాన్లమ్మే కబాడీల వెంట పడ్డాను. స్టేషను దగ్గర ఒక కొట్లో అలాంటిదే దొరికింది. వాల్వు ఒకటి లేదు, వెనక చెక్క లేదు, స్టేషన్ల మీద తిరిగే ముల్లు లేదు. ఆటోలో తెచ్చి బావ మంచం పక్కనే దింపాను, పని ఎదురుగా చేస్తే ఆయనకు పొద్దుపోతుందని. వాల్వు మా ఇంట్లోని ఇంకో చచ్చిన రేడియోలోంచి పీకాను.

ఆ ముల్లును కూడా ఇక్కడ మేం హిందీవాళ్లలాగ కాంటా అనే అంటాం. ఒక మధ్యాహ్నం బావ కునుకులో ఉన్నాడు. వంటింట్లో ఉన్న అక్కకు వినపడేలా, "కాంటా పోనాదే అక్కా, కాంటా నేకుండా ఏటి చేత్తాను?" అన్నాను.

బావ లేచి కూర్చున్నాడు. "ఏ లైన్లోరా? బండాపించు. ఎర్ర జెండా ఏదీ?" కాళ్లు కిందికి దించి చెప్పుల కోసం తడుముతున్నాడు. ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం ఊడిపోయింది.

అక్క పరుగున వచ్చి భుజాలు పట్టుకుంది. "రేడియోది బావా, రేడియో కాంటా," అన్నాను. ఆయాసం తగ్గాక బావ నా వైపు చూసి, "సచ్చినోడా, గుండాగిపోనాది," అని నవ్వబోయి దగ్గాడు.

గొడుగు ఊచ విరిచి ఎర్ర రంగు పూసి ముల్లు చేశాను. అది లాటుసాహెబు గొడుగుదని చెప్పాను. "మరాయన తడిసిపోనాడేటి?" అన్నాడు గానీ గొంతులో బలం లేదు.

పని పూర్తయ్యేసరికి చీకటి పడుతోంది. నాబ్ తనే తిప్పుతానన్నాడు బావ. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి, కాలిన దుమ్ము వాసన వచ్చింది. తర్వాత గుర్రుమని మోత. ముల్లు ఆ చివర నుంచి ఈ చివరికి జరిగింది. మోతే. వీధిలో లైట్లు, పక్కింటి ఇన్వర్టరు, అన్నీ అందులో దూరి గుర్రుమంటున్నాయి. ఏరియల్ తీగ తీసి కిటికీ ఊచకు కట్టాను. విశాఖపట్నం ఎక్కడా లేదు.

నా మొహం చూశాడో ఏమో, బావ ముల్లును ఒకచోట ఆపాడు. "వత్తంది," అన్నాడు.

"ఏటొత్తంది బావా?"

"పాట. నువ్వు మాటాడకు."

కళ్లు మూసుకుని దుప్పటి మీద వేళ్లతో తాళం వేశాడు. అబద్ధాలు కట్టడం నాకలవాటే, ఎదుటివాడి అబద్ధం పోల్చుకోలేనా? తల ఊపుతూ పక్కన కూర్చున్నాను.

బావ ఆ నెల దాటలేదు. కర్మలన్నీ అయ్యాక అక్క నా ముందు టీ పెట్టి అడిగింది. "ఆ సాయంత్రం నాను వంటింట్లో ఉండిపోనాను. ఏ పాటొచ్చిందిరా?"

ఇన్ని కథలు కట్టేవాణ్ణి, ఏదో ఒక పాట పేరు చెప్పేయొచ్చు. నోట్లోకి ఒక్కటీ రాలేదు.

అక్క నా మొహం చూసి, "టీ తాగు, సల్లారిపోతంది," అంది.