రెండు స్టాపర్ల మధ్య తలుపు

రిటైరవడానికి రెండేళ్ల ముందు మా కంపెనీ నన్ను సీనియర్ డిజైన్ ఇంజనీరుగా సూర్యాపేట సర్వీసు ఆఫీసుకు బదిలీ చేసింది. రైస్‌మిల్లు యంత్రాలు తయారుచేసే కంపెనీ మాది. హుజూర్‌నగర్ అమ్మాయి స్వరూప అక్కడ నా కింద జూనియర్ ఇంజనీరు.

ఆ యాసంగి కోతలప్పుడు వేములపల్లి దగ్గరి ఒక మిల్లు నుంచి ఫిర్యాదు వచ్చింది. బియ్యాన్ని ఒకసారి ఈ గొట్టంలోకి, ఇంకోసారి ఆ గొట్టంలోకి మళ్లించే ఇనుప తలుపు గురించి. గాలి సిలిండర్ దాన్ని అటూ ఇటూ నెడుతుంది. రెండు చివర్లా ఇనుప స్టాపర్లు దాన్ని ఆపుతాయి. తలుపును సిలిండర్‌కు కలిపే కడ్డీ వెల్డింగ్ దగ్గర తరచూ విరుగుతోంది. చివరిసారి విరిగిన ముక్క ఆపరేటర్ సైదులు చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

"గాడ నిలబడాలంటేనే భయమైతాంది సార్," అన్నాడు సైదులు, మేం మిల్లుకు వెళ్లినప్పుడు. కోదాడ నుంచి వచ్చిన మిల్లు యజమాని మాత్రం స్టాపర్లు ఇంకా మందంగా వేస్తే చాలన్నాడు.

స్వరూప ఆ కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టింది. తలుపు మధ్యలో ఉన్నంతసేపు స్టాపర్ బలం సున్నా. తగిలి నొక్కుకున్నప్పుడు స్టాపర్ స్ప్రింగులా ఎదురు తోస్తుంది. దానికి వేగాన్ని తగ్గించే డాంపింగ్ కలుపుతాం. లెక్క సాఫీగానే నడిచింది. తలుపు స్టాపర్‌ను వదిలే క్షణంలో మాత్రం బలం మైనస్‌లోకి వెళ్లింది. అంటే స్టాపర్ తలుపును పట్టి లాగుతున్నట్టు.

యజమాని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఈ రోజే జవాబు చెప్పగలమా అని స్వరూపను అడిగాను.

"స్టాపర్ నూకుతది గాని గుంజదు కద సార్. ఇది సరిజేయకుండ సైదులన్నను గాడ ఎట్ల నిలబెడతం?" అంది స్వరూప.

బలం సున్నా కంటే తగ్గినచోట సున్నాగానే తీసుకొమ్మని లెక్కలో రాసింది. అప్పటిదాకా బుద్ధిగా ఆగినట్టు కనిపించిన తలుపు ఇప్పుడు ఎగిరెగిరి స్టాపర్‌ను కొట్టింది. లెక్కలో స్టాపర్‌ను మందంగా, గట్టిగా చేసి చూసేకొద్దీ కడ్డీ మీద దెబ్బ పెరిగింది. యజమాని మాట విని ఉంటే కడ్డీ ఇంకా త్వరగా విరిగేది.

స్టాపర్లకు రబ్బరు దిమ్మెలు వేద్దామన్నాం.

"ఇనుమే ఆగట్లేదు, రబ్బరు ఆగుద్దాండీ?" అన్నాడు యజమాని. రబ్బరు దెబ్బను మెత్తబరుస్తుందని, ఆపే పని ఇనుముదేనని స్వరూప ఓపిగ్గా చెప్పింది. దిమ్మెలు వేసి, తలుపు ముందు జాలీ బిగించి, మిల్లు ఆన్ చేయించి, సైదులు పక్కనే తనూ నిలబడింది. సైదులు మిల్లు మోతకు చెవుల్లో పెట్టుకున్న దూది తీసి తలుపు చప్పుడు విన్నాడు.

"ఇగ నిమ్మలంగ చాయ్ తాగొచ్చు మేడం," అన్నాడు.

నేను రిటైరయ్యే వరకు ఆ కడ్డీ మళ్లీ విరగలేదు. అరిగిన రబ్బరు మాత్రం మారుస్తూ వచ్చారు. ఆ మిల్లు పని తర్వాత నా బల్ల మీదికి వచ్చిన ప్రతి తాకిడి లెక్కలో, బలం ఎంత అన్నదానికంటే ముందు అది ఎటు పనిచేస్తోందో చూసేవాణ్ని.