లియాబ్ వాళ్ళమ్మ

పోటు నీళ్ళు వీధిలోకి వచ్చేసరికి సెన్యాంగ్ కొట్టు ముందున్న బల్ల మీద నలుగురు కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నారు. మనీలాకి దగ్గర్లోని హగోనోయ్‌లో సముద్రం రోజూ ఇళ్ళ మధ్యకు వచ్చి పోతుంటుంది. చీలమండ దాకా నీళ్ళొస్తే ఎవరూ లేవరు. చెప్పులు తీసి ఒళ్ళో పెట్టుకుంటారంతే. కబుర్లు ఎక్కడివక్కడే సాగుతాయి. ఆ వారం కబుర్లన్నీ లియాబ్ గురించే.

లియాబ్ అంటే వాళ్ళ చిన్నతనపు కామిక్స్‌లో వీరనారి. నీళ్ళ మీద మంటలా పరుగెత్తేది, దొంగల పడవల్ని ఒంటి చేత్తో బోర్లించేది. ఇన్నేళ్ళకు ఆమె కథను టీవీలో మళ్ళీ తీస్తున్నారు.

"ప్యాంటు తొడిగారు!" అన్నాడు పిలో ఫోను అందరికీ చూపిస్తూ. మొన్నమొన్నటి దాకా మూడు చక్రాల బండి తోలినవాడు, సెన్యాంగ్ ఈడువాడు. "లియాబ్‌కి ప్యాంటేంటి! ఎర్ర గుడ్డ, భుజాన తాడు, అంతే కదా ఆవిడ వేషం."

సెన్యాంగ్ మనవరాలు క్రిశెల్ పకపకా నవ్వింది. "మరి తాతా, అంత చిన్న గుడ్డముక్కతో చిత్తడి మడుగుల్లో తిరిగితే దోమలు కుట్టవా?"

"వీరనారిని దోమలు కుడతాయటే!"

"ప్యాంటు సంగతి తర్వాత. ఆ పిల్ల కాళ్ళు చూడండి," అంది చేపలమ్మే దోలోర్. "కొంగ కాళ్ళు. మన లియాబ్ తంతే పడవ తిరగబడేది. ఇది తంతే దీని కాలే విరుగుతుంది."

"ఇక్కడొకాయన రాశాడు చూడండి," అని క్రిశెల్ ఫోనులోంచి చదివింది. "'నా చిన్నతనాన్ని చంపేశారు' అంట."

"బాగా అన్నాడు. ఎవరట?"

"పేరు లేదు. పిల్లి బొమ్మ పెట్టుకున్నాడు."

అందరూ నవ్వుతుండగా కర్రతో నీళ్ళను తోసుకుంటూ బసిలిసా వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు ఊరి రేవులో బట్టలుతికిన చేతులు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. సెన్యాంగ్ స్టూలు జరిపింది. కూర్చుని, ఊపిరి తీసుకుని, ఆమె అడిగింది:

"అదంతా సరే గానీ, వాళ్ళమ్మ వేషం ఎవరు కట్టారు?"

"ఏ అమ్మ?" అన్నాడు పిలో.

"లియాబ్ వాళ్ళమ్మరా."

"ఆవిడ మొదటి వారమే వరదలో పోయింది కదా పిన్నీ!"

"పోవడమేంటిరా నీ మొహం! వారం వారం వచ్చేదిగా. రోజూ చీకటి పడే వేళకి కూతురు ఇంటి చూరు మీద వాలేది, అమ్మ అన్నం పెట్టేది. ఎండుచేప కాల్చి పెట్టేది."

"నేను చదివాను పిన్నీ, నా కళ్ళతో!"

"నేను విన్నానురా, నా చెవులతో! సెన్యాంగ్, చెప్పవే వీడికి. చదివింది నువ్వే కదా."

సెన్యాంగ్ పంచదార పొట్లం కడుతోంది. కట్టిన దారం విప్పి మళ్ళీ కట్టింది.

"టీవీలో ఏం తీశారో ఎవరికి తెలుసు పిన్నీ," అంది తలెత్తకుండానే. "చూద్దాంలే."

నిజానికి పిలో చెప్పిందే రైటు. ఆ సంగతి హగోనోయ్‌లో సెన్యాంగ్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఆమెను బడి మాన్పించింది నాలుగో తరగతిలో. తండ్రి చేపల చెరువుల మీద కాపలాకి వెళ్ళి జబ్బుపడి వచ్చాడు. తల్లికి రేవులో తోడు కావలసి వచ్చింది. రేవు పైన మెట్ల దగ్గర తెరియో కామిక్స్ అద్దె కొట్టు ఉండేది. కొట్టంటే కొట్టు కాదు. రెండు వెదురు గుంజల మధ్య తాళ్ళు కట్టి, పుస్తకాలను బట్టలారేసినట్టు వేలాడదీసేవాడు. చిరిగిపోకుండా ఒక్కోదానికి అట్ట అంటించేవాడు. నాణెం ఇచ్చి, పుస్తకం తీసుకుని, అక్కడే బల్ల మీద కూర్చుని చదివి మళ్ళీ తాడుకి తగిలించాలి. ఇంటికి పట్టుకెళ్ళే పని లేదు. మనీలా నుంచి జీపు మీద కొత్త కట్ట దిగిన రోజు, ఆ అచ్చు సిరా వాసనకే పిల్లలు మెట్లెక్కి వచ్చేవాళ్ళు.

ఉతికే ఆడవాళ్ళకు చదువు రాదు. అందుకని బట్టలు ఆరేలోపు సెన్యాంగ్ చదివి వినిపించేది. తెరియో ఊరుకోలేదు. "ఒక్క నాణేనికి ఒక్క మనిషే. వినడమూ చదవడమేగా? చెవులకీ అద్దె ఉంటుంది," అన్నాడు. "నీ కొట్టు ముందు నుంచి నడిస్తే కాళ్ళకి కూడా కట్టాలా?" అని వాళ్ళు తిట్టిపోశారు. చివరికి చెవికి సగం అద్దె, చదివే పిల్లకి ఉచితం అని ఒప్పందమైంది. మామూలుగా నోరు విప్పని పిల్ల సెన్యాంగ్. పుస్తకం చేతిలో ఉంటే మాత్రం దొంగ గొంతు, దెయ్యం గొంతు, మేకపోతు గొంతు, అన్నీ పలికేది.

ఆ ఏడు వానాకాలంలో నది పొంగింది. బసిలిసా నాలుగేళ్ళ కూతురు నెనీత ఆమె చెయ్యి పట్టుకునే ఉంది, పట్టు జారింది. నీళ్ళు తీశాక పిల్ల దొరకలేదు. అప్పటినుంచి బసిలిసా తెల్లవారగానే గట్టు వెంట వెతుక్కుంటూ వెళ్ళేది. ఎవరైనా అన్నం పెడితే తినేది, లేకపోతే లేదు. ఒకరోజు రేవు ఆడవాళ్ళు బలవంతాన ఆమెను మెట్ల మీదికి లాక్కొచ్చి కూర్చోబెట్టారు. "కాస్త వినవే, మనసు అటు మళ్ళుతుంది," అన్నారు. సరిగ్గా ఆ రోజే లియాబ్ కథ మొదలైంది.

మొదటి పేజీలోనే వరద. తల్లి పిల్లను వెదురు తెప్పకు కట్టి ముందుకు తోస్తుంది. పేజీ తిప్పితే చివరి బొమ్మలో నీళ్ళ పైన తల్లి చెయ్యి ఒక్కటే ఉంది. కింద అచ్చులో, ఆమె ఇక కనబడలేదు అని ఉంది. సెన్యాంగ్ తలెత్తి చూసింది. బసిలిసా వేళ్ళు బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి, తెల్లగా పాలిపోయి.

"తల్లి కొబ్బరి మొద్దు పట్టుకుంది," అని చదివింది సెన్యాంగ్. "ఒడ్డుకు చేరింది."

"మరి ఆ చెయ్యేంటే?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"మొద్దు కోసమే చాపింది."

మర్నాడు బసిలిసా రేవుకి వచ్చి బట్టలుతికింది. పై వారం తనంతట తానే మెట్లెక్కి వచ్చి కూర్చుంది. "వాళ్ళమ్మ ఏం చేసింది?" అంది. ఇక సెన్యాంగ్‌కి వెనక్కి వెళ్ళే దారి లేకపోయింది. ప్రతి వారమూ నాలుగు పేజీల కథలో ఎక్కడో ఒకచోట తల్లిని దూర్చేది. "బొమ్మలో కనబడదేం?" అని అడిగితే, "లోపల వంట చేస్తోంది" అనేది. ఒక్కోసారి బజారుకు వెళ్ళింది, ఒక్కోసారి జ్వరంతో పడుకుంది. లియాబ్ ఎంతమంది దొంగలను కొట్టినా, బసిలిసా చెవి మాత్రం వాళ్ళమ్మ కోసమే కాచుకుని ఉండేది. అమ్మ వచ్చి పోగానే లేచి బట్టలు తీసుకోవడానికి వెళ్ళిపోయేది. కూతురు ఏమైందో ఎన్నడూ అడగలేదు.

కథ అయిపోయింది. కొన్నాళ్ళకు కామిక్సే అయిపోయాయి. టీవీలు వచ్చాయి. తెరియో పుస్తకాలను ఎండుచేపలు చుట్టడానికి తూకానికి అమ్మేశాడు. సెన్యాంగ్‌కి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, భర్త పోయాడు, కొట్టు పెట్టుకుంది. కానీ బసిలిసా ఎప్పుడు ఉప్పుకో సబ్బుకో వచ్చినా, ఆ మెట్ల మాట తెచ్చేది. "ఎంత బాగా చదివేదానివే," అనేది. ఆ ఒక్క మాట కోసం సెన్యాంగ్ సబ్బు అడుగున చాక్లెట్ ఒకటి పెట్టి ఇచ్చేది.

ఇప్పుడు టీవీలో ఆ చెయ్యి వస్తుంది. ఈసారి చదివేవాళ్ళు ఎవరూ ఉండరు.

మొదటి భాగం వచ్చే రోజు సెన్యాంగ్ మధ్యాహ్నమే బసిలిసా ఇంటికి వెళ్ళింది.

"ఇవాళ నీళ్ళు బాగా వస్తాయట పిన్నీ. ఇంట్లోనే ఉండరాదూ?"

"నీళ్ళు నాకు కొత్తా?"

"టీవీ కూడా గీతలు గీతలుగా వస్తోంది."

"నా కళ్ళూ అంతే. దానికీ నాకూ సరిపోయింది." బసిలిసా అప్పటికే ఇస్త్రీ చేసిన చీటిగుడ్డ గౌను తీసి మంచం మీద పరిచి ఉంచింది, చర్చికి వేసుకునేది. "ఇన్నాళ్ళూ విన్నదాన్ని. ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడనీ."

సెన్యాంగ్ తిరిగి వచ్చింది. టీవీ తీగ పీకేద్దామా అనుకుంది. తీగ దాకా చెయ్యి కూడా వెళ్ళింది. "అమ్మమ్మా, అది కదిలిస్తే మళ్ళీ రాదు!" అని క్రిశెల్ అరిచింది.

సాయంత్రం వార్తలయ్యేసరికి కొట్టు నిండిపోయింది. వరద అంటని ఎత్తున, బియ్యం బస్తాల పైన ఉంది టీవీ. బసిలిసా ముందు స్టూలు మీద కూర్చుంది. పిలో వెనక నుంచి, "పిన్నీ, వాళ్ళమ్మ మీద మొన్న కట్టిన పందెం గుర్తుందా? ఓడిపోతే నాకు ముంజేతి పొడుగు బంగూస్ చేప," అన్నాడు. "నువ్వు పొయ్యి రాజేసుకుని ఉండు, చేప నువ్వే తేవాలి," అంది ఆమె.

కథ మొదలైంది. వాన, పొంగే నది, అరుపులు. తల్లి వేషం కట్టినావిడ మొహం ముడతలు పడి, చెంపలు లోతుకు పోయి ఉంది. "సన్నగా ఉంది పాపం," అంది బసిలిసా. తెప్ప వచ్చింది. తల్లి తాడు ముడి వేసింది, ఒకటికి రెండుసార్లు లాగి చూసింది, తోసింది. పిల్ల అరుస్తూ దూరమైపోయింది. నీళ్ళ పైన చెయ్యి కనబడింది. మొద్దు రాలేదు. చెయ్యి మునిగింది. తర్వాత ఒడ్డున మట్టిలో, గుడ్డ కప్పిన మనిషిని కూడా చూపించారు.

గెలిచానని కేక పెట్టబోయిన పిలో నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. మధ్యలో సబ్బు ప్రకటన వచ్చింది. క్రిశెల్ టీవీ గొంతు తగ్గించింది.

బసిలిసా వెనక్కి తిరిగింది. "పుస్తకంలో ఇలాగే ఉందా?"

సెన్యాంగ్ తలుపు చట్రాన్ని పట్టుకుంది. అబద్ధం నాలుక దాకా వచ్చింది. ఎప్పుడూ అంత తేలిగ్గానే వచ్చేది. ఈసారి పలకలేదు. తల మాత్రం ఊపింది.

"మొదటి వారం నుంచీ?"

"అవును పిన్నీ. ఆ రోజు నీ చేతులు చూసి... చదవలేకపోయాను."

బసిలిసా చాలాసేపు ఆమె మొహంలోకే చూసింది. కోపమో దుఃఖమో తెలియడం లేదు. సెన్యాంగ్ ఆ చూపు కిందే నిలబడింది, మెట్ల మీద నిలబడ్డ పిల్లలాగే.

"అయితే పిల్ల బతికింది," అంది బసిలిసా.

"ఆఁ?"

"నీళ్ళు అమ్మని తీసుకుని పిల్లని వదిలేశాయి. అంతేగా కథ?"

"అంతే పిన్నీ."

"ఆ ఏడంతా గట్టు వెంట తిరుగుతూ నేను అడిగింది అదేనే." ఆమె గొంతు పెంచలేదు. "నన్ను తీసుకో, దాన్ని వదిలెయ్ అని. దేవుణ్ణి, మేరీమాతని, నదిని, పీతల్ని కూడా అడిగాను. ఇక్కడేమో పుస్తకంలో అలాగే అచ్చేసి తాడు మీద వేలాడదీశారు. నువ్వు నాకు చెప్పలేదు!"

"నిన్ను ఏడిపించకూడదనుకున్నా పిన్నీ."

"ఏడుస్తాను. ఏడిస్తే ఏం?" బసిలిసా కళ్ళు తుడుచుకుంది, ముక్కు చీదింది. తర్వాత ఆమె చెయ్యి చాచి సెన్యాంగ్ మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "పదకొండేళ్ళ పిల్లవి. నీకేం తెలుసు! ఎండుచేప బాగా కాల్పించావులే ఆవిడ చేత."

ప్రకటనలు అయిపోయాయి. పిల్ల తెప్ప మీద చీకట్లోకి కొట్టుకుపోతోంది. మెరుపు మెరిసి, నీళ్ళ మీద మంట లేచింది. ఆ మంటలోంచి నిలువెత్తు అమ్మాయి లేచి నిలబడింది, ప్యాంటుతో సహా. "అదిగో, కొంగ!" అంది దోలోర్. "ఆ మంట చూడు, ప్లాస్టిక్ మంట," అన్నాడు పిలో, ఊపిరి తిరిగి వచ్చినవాడిలా. మళ్ళీ గోల మొదలైంది.

"నోళ్ళు ముయ్యండి," అంది బసిలిసా. "ఏం తొడుక్కుంటే మీకేం? బతికింది కదా పిల్ల. బలంగా ఉంది. నాకు బాగానే ఉంది."

భాగం అయిపోయింది. జనం చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలోకి దిగసాగారు. బసిలిసా మాత్రం లేవలేదు.

"తర్వాత ఏం చేసిందే ఆ పిల్ల? ఎవరు పెంచారు?"

"రేపు వస్తుందిగా పిన్నీ."

"రేపటిదాకా ఎవరు కూర్చుంటారు? ఇన్నేళ్ళు ఆగాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాళ్ళమ్మని లోపల దాచకుండా."

సెన్యాంగ్ ఎదురుగా బియ్యం బస్తా మీద కూర్చుంది. ఏది అచ్చులోదో, ఏది తన నోటిదో వెంటనే విడిపడలేదు. చూరు మీద వాలడం తనదే. వంట తనదే. "మరి ఆ దీపస్తంభం?" అని పైకే అనేసింది.

"దీపస్తంభం ఉంది," అన్నాడు గుమ్మంలో ఆగిన పిలో. వెనక్కి వచ్చి కాళ్ళు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. "ఉప్పు కాచే ముసలాయన తెప్పని చూస్తాడు. దీపం పట్టుకుని దిగొస్తాడు."

"అవును, ముసలాయన," అంది సెన్యాంగ్. "ఒంటి చెవివాడు."

"రెండు చెవులున్నాయి."

"ఒకటే పిలో! ఎడమ చెవి లేదు. అది నేను కల్పించింది కాదు."

"సరే, ఒకటే," అంది బసిలిసా స్టూలు ముందుకు జరుపుకుంటూ. "తర్వాత?"