చాంపె అంటే ఎడమ

బెపి మంచం పట్టీని గుద్దుతూ "చాంపె! చాంపె!" అని అరుస్తున్నాడు. ఫోన్ స్పీకర్లో ఇటాలియన్ దుబాసీ నవ్వాడు. ముసలాయన ఏదో జంతువు పాదం గురించి అంటున్నాడట. మతి స్థిమితంగా లేదట, ఆ ఇటాలియన్ కూడా పల్లెటూరి పాడు ఇటాలియనట.

ఆ నవ్వుకు నిఖిల ఒళ్లు మండింది. ఆమెది జగిత్యాల. విజయవాడ హాస్టల్లో ఆమె నోరు తెరిస్తే చాలు, "ఇదేం తెలుగే?" అని ఇలాగే నవ్వేవారు. ఇప్పుడు ఐర్లండ్‌లో, డబ్లిన్‌లో భాషాశాస్త్రం చదువుతూ, ఖాళీ పూటల్లో ఆ పక్కనే ఉన్న నేస్ ఊళ్లోని ఈ నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లకు అన్నం తినిపిస్తోంది, బట్టలు మారుస్తోంది.

బెపి పడుచు వయసులో ఇటలీ ఈశాన్య మూల ఫ్రియులి నుంచి వచ్చి, ఇక్కడి చర్చిల్లో రంగురాళ్ల నేలలు పరిచిన మేస్త్రీ. పక్షవాతం వచ్చాక ఇంగ్లీషు పోయింది, బడిలో నేర్చిన ఇటాలియనూ పోయింది. తల్లి ఒడిలో నేర్చినదే మిగిలింది. వారం నుంచి అరుస్తున్నాడని నిద్రమాత్రలు మొదలుపెట్టారు. ఇక తాళం వేసి ఉంచే వార్డుకు మార్చాలంటున్నారు.

నిఖిల నర్సు దమయంతి దగ్గరికి వెళ్లింది.

"ఆంటీ, ఆయన మాట్లాడేది ఇటాలియనే కాదు. తాళంచెవిని ఇటాలియన్‌ల కియావె అంటరు. ఈయన క్లాఫ్ అంటున్నడు. లాటిన్‌ల ఉన్న 'క్ల' ఈయన నోట్ల అట్లనే ఉన్నది. ఇది ఫ్రియులియన్. స్విట్జర్లాండ్‌ల రోమాన్ష్, ఆల్ప్స్ కొండలల్ల లదీన్, వాటి తోడిది. మూడూ ఒక్క ఇంటివేనా అని పండితులు ఇంకా కొట్లాడుతున్నరు గానీ, పాడైపోయిన ఇటాలియన్ మాత్రం కాదు."

తెనాలి నుంచి వచ్చి ఇరవయ్యేళ్లుగా ఇక్కడే ఉన్న దమయంతి విసుక్కుంది. "ఇప్పుడు నీ క్లాసు పాఠాలెందుకమ్మా? ఏదైతే ఏంటి, అదీ ఇటలీయేగా!"

"రేపు గోండి మాట్లాడే ముసలమ్మ వస్తే, పాడైన తెలుగు అని నిద్రమాత్ర ఇస్తరా?"

దమయంతి మొహం ఎర్రబడింది.

నిఖిల అక్కడే నిలబడి తన ప్రొఫెసరుకు ఫోన్ చేసింది. సాయంత్రానికల్లా ఫ్రియులిలోని ఊదినె నగరం నుంచి ఒక టీచరమ్మ వీడియోలోకి వచ్చింది. ఆవిడ పలకరింపు వినగానే బెపి అరవడం మానేశాడు. తర్వాత ఆగకుండా మాట్లాడాడు. వింటున్నకొద్దీ టీచరమ్మ ముఖం పాలిపోయింది.

"చాంపె అంటే మా భాషలో ఎడమ," అంది ఆవిడ. "బాత్రూంలో జారిపడ్డాడట. ఎడమ తుంటి నొప్పి, ఎడమ తుంటి నొప్పి అని వారం నుంచి చెబుతున్నాడట."

దమయంతి దుప్పటి తీసి చూసి, వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు.

మేనేజర్ కెవిన్ నిఖిలను పిలిచి మెచ్చుకున్నాడు. కమ్యూనికేషన్ గ్యాప్ వచ్చిందనీ, ఇప్పుడంతా 'గ్రాండ్', అంటే చక్కబడిందనీ అన్నాడు.

"గ్యాప్ ఏం లేదు. ఆయన రోజూ చెప్పాడు. అది భాషే కాదని మీరే తేల్చేశారు," అంది నిఖిల ఇంగ్లీషులో. "మీ ఐరిష్ భాషను వంకర ఇంగ్లీషు అని ఎవరైనా అంటే ఊరుకుంటారా?"

కెవిన్ చెవులు కందిపోయాయి. మరుసటి వారం ఆమెకు షిఫ్టులు సగమే పడ్డాయి. దమయంతి తన షిఫ్టులో రెండు పూటలు ఆమెకిచ్చింది. నిఖిల తీసుకుంది.

బెపి చక్రాల కుర్చీలో తిరిగొచ్చిన రోజు కెవిన్ పూలగుత్తితో ఎదురెళ్లాడు. ముసలాయన పూలను ఒళ్లోంచి నేలకు తోసి, వేలెత్తి ఊపుతూ గట్టిగా ఏదో అన్నాడు. నిఖిల ఫోన్లో ఉన్న టీచరమ్మ తటపటాయించింది.

"కాస్త మర్యాదగా మార్చి చెప్పనా?"

"వద్దు. ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆవిడ చెప్పింది. నిఖిల కెవిన్ కళ్లలోకి సూటిగా చూస్తూ ఒక్క మాట మింగకుండా ఇంగ్లీషు చేసింది.

"నా తుంటి విరిగిందని నేను మొత్తుకుంటుంటే, కుక్కల్లారా, మీరు నన్ను నిద్రపుచ్చారు."