పోచమ్మ పేరు మీద నేనన్న మాట

బోనాల డప్పు వినబడితే మా ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఒళ్ళు పులకరిస్తుంది. నాకు మాత్రం ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది. ఆరేళ్ళుగా ఇదే తీరు. వేపాకు వాసన తగిలినా, పసుపునీళ్ళ చెంబు కనబడినా నేను చేసిన పని గుర్తుకొస్తుంది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నన్ను మంచిదాన్ని అనమని అడగను. చివరిదాకా వినండి, చాలు.

ముందు మా అక్క సంగతి చెప్పాలి. అక్క అంటే తోడబుట్టింది కాదు. నా సవతి. ఆ మాట రాయడం కూడా నాకు ఇష్టముండదు, ఎందుకంటే ఆ మాటలో ఉన్న విషమేదీ ఆమెలో లేదు. ఉన్న విషమంతా నాదేనని మీకే తెలుస్తుంది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నా పెళ్ళయింది. నా పుట్టిల్లు అమ్రాబాద్ దిక్కు, అడవి అంచున ఊరు. బాపు లేడు. అమ్మ మేకలు కాసేది. పెళ్ళిచూపులకు పెళ్ళికొడుకు రాలేదు. ఆయన పెళ్ళామే వచ్చింది. మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె నుంచి బస్సులు మారి, ఒళ్ళో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దల గిన్నె పెట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చి మా అరుగు మీద కూర్చుంది. నీళ్ళు తాగి, మా అమ్మ వైపు కాకుండా నా వైపు తిరిగి మాట్లాడింది.

"నేను అబద్ధం చెప్ప పిల్లా. నాకు పిల్లలు కాలె. దవాఖానల పొంటి తిరిగి తిరిగి యాష్టకొచ్చింది. నువ్వొస్తె చెల్లె లెక్క చూస్కుంట. కోపమొస్తె తిడత. గని అన్నం పెట్టినంకనే తిడత."

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా అని అమ్మ లోపలికి పిలిచి ఏడ్చింది. నేను మాత్రం అప్పటికే మనసులో సరే అనేశాను. పెళ్ళికొడుకు ఎట్లా ఉంటాడో నాకు తెలియదు. నేను ఒప్పుకున్నది ఆయన్ని చూసి కాదు, ఆమె నవ్వు చూసి. ఇట్లాంటి పెళ్ళి సరైనదని నేను ఎవరికీ చెప్పను. నా బిడ్డకు చచ్చినా చేయను. కానీ నా వరకు అది అట్లా జరిగింది.

పుస్తె ఆయన కట్టాడు, అక్క అందించింది. ఆయన పుణెలో మేస్త్రి పని చేస్తాడు. దసరాకు వస్తాడు, ఉగాదికి వస్తాడు. మిగతా ఏడాదంతా ఆ ఇంట్లో మేమిద్దరమే. "మనిద్దరికి ఒక్క మొగుడు, గాయన గూడ ఫోన్లనే ఉంటడు," అని అక్క చేలో అందరి ముందరా అనేది. పత్తి పెట్టాం, కంది పెట్టాం. జొన్నరొట్టె విరగకుండా తట్టడం ఆమే నేర్పింది. మొదట్లో నేను తట్టిన రొట్టెలను ఏ దేశపటమో గుర్తుపట్టమని పక్కింటివాళ్ళకు చూపించేది. కానీ వాటినే తను తిని, తను చేసినవి నాకు పెట్టేది. నా నెల తప్పిన రోజు ఆమె వాకిట్లో నిలబడి ఎవరికీ కనబడకుండా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తొమ్మిది నెలలూ నన్ను నీళ్ళ బిందె ముట్టనీయలేదు.

మల్లిక పుట్టింది. పురిటి స్నానాలు, సాంబ్రాణి పొగ, కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాయడం, అన్నీ అక్కే. నాకు ఒళ్ళు నొప్పులంటే పిల్లను తీసుకుని తన పక్కలో వేసుకునేది. నేను హాయిగా నిద్రపోయేదాన్ని. ఆ హాయికి వెల ఉంటుందని అప్పుడు తోచలేదు. పిల్లకు మాట వచ్చింది. మొదటిసారి అమ్మా అని పిలిచింది అక్కను. నన్ను చిన్నీ అనేది. ఊరంతా నన్ను అట్లాగే పిలిచేవాళ్ళు మరి, చిన్నామె అని.

అక్క ఎన్నోసార్లు సరిదిద్దింది. "నేను పెద్దమ్మనే. అగో, అమ్మ ఆడున్నది," అని నా వైపు చూపించేది. పిల్ల నా వైపు చూసి నవ్వి మళ్ళీ ఆమె మెడ కౌగిలించుకునేది. అంగన్‌వాడీలో టీచరమ్మ మీ అమ్మ ఎవరే అని అడిగితే అక్కనే చూపించింది. నేను పక్కనే ఉన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ఒకరోజు పిల్ల వాకిట్లో జారి పడింది. మోకాలు చెక్కుకుపోయింది. నేను నాలుగడుగుల దూరంలో చీపురు పట్టుకుని ఉన్నాను. చీపురు పారేసి చేతులు చాపాను. పిల్ల ఏడుస్తూ నన్ను దాటుకుని, పెరట్లో ఉన్న అక్క దగ్గరికి పరుగెత్తింది. నా చేతులు అట్లాగే ఉండిపోయాయి. అప్పుడు నాలో ఏమయింది? ఆలోచించి ఆలోచించి నాకు అర్థమైంది ఇంతే. చట్టం ఒప్పుకోని పెళ్ళి నాది. సర్వేకు ఎవరొచ్చినా అక్క నన్ను చెల్లెలని రాయించేది. కాగితాల్లో ఆయనకు నేను పెళ్ళాన్ని కాను, ఆ ఇంట్లో నాకంటూ ఉన్న పేరు ఒక్కటే, మల్లిక తల్లి. ఆ పేరు కూడా ఆమెకే పోతే నేనెవరిని? ఇది సాకు అని మీరంటే కాదనను. సవతి మచ్చరమని ఒక్క మాటలో తేల్చేసినా కాదనను.

అక్కా, నా బిడ్డను జర నాకు విడిచిపెట్టు అని అడిగి ఉంటే సరిపోయేది. ఆమె ఇచ్చేసేది. అది నాకు తెలుసు. అడిగితే నేను చిన్నదాన్నవుతానని అడగలేదు.

ఆ ఏడు పోచమ్మ బోనాలు వచ్చాయి. మా అవ్వకు, అంటే అమ్మ తల్లికి, పూనకం వచ్చేది. చిన్నప్పుడు దగ్గరుండి చూసేదాన్ని. భయమేయదా అవ్వా అని అడిగితే, "గది వస్తె నువ్వుండవు బిడ్డా, ఇగ భయమెవరికి?" అనేది. ఆమెది అబద్ధమని నేను ఈనాటికీ అనుకోను. కానీ జుట్టు ఎట్లా విడుతుందో, కాలు ఎట్లా అదురుతుందో, గొంతు ఎక్కడినుంచి వస్తుందో అన్నీ నా కళ్ళలో ఉండిపోయాయి.

గుడి ముందర డప్పులు ఊపందుకున్నాయి. నేను జుట్టు విప్పాను. ఊగాను. ఎవరో నా చేతికి వేపమండ ఇచ్చారు, ఎవరో కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశారు. తల్లి వచ్చింది, తల్లి వచ్చింది అని కేకలు. అది వస్తే నువ్వుండవని అవ్వ చెప్పింది కదా. నేను ఉన్నాను. నీళ్ళు చల్లగా తగలడం తెలుస్తోంది. ఎదురుగా అక్క నెత్తిమీది బోనం దించి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చోవడం తెలుస్తోంది.

"నాతోని తప్పేమన్న అయితె చెప్పు తల్లీ," అంది అక్క.

"నా బిడ్డను ఎత్తుకుంటున్నవు," అన్నాను. అది ముందే అనుకున్న మాట. ఆ తర్వాతది అనుకోలేదు. అది ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. "ఎండిన ఒడి నీది. పచ్చని పిల్లను ఎండిన ఒడిల పెట్టకు. తలకాయ దువ్వకు. ముట్టకు."

అక్క ముఖం నేను చూశాను. వాదించలేదు. ఏడవలేదు. తల ఎత్తి ఒక్కటే అడిగింది.

"ఎన్ని దినాలు తల్లీ?"

అప్పుడైనా ఆపగలిగేదాన్ని. నెల అనొచ్చు, ఏడాది అనొచ్చు. "నేనొచ్చి చెప్పేదాక," అన్నాను.

ఇంటికొచ్చాక అక్క పసుపు వేసిన పాలు కాచి తెచ్చింది. "గొంతు పోయిందానే? తల్లి ఒంటిమీదికొస్తె ఊకె పోతదా," అని నా కాళ్ళు ఒత్తింది. వద్దంటే వినలేదు. తల్లి నిలబడిన కాళ్ళట. తేలు కుట్టిన దొంగలా పడుకున్నాను.

పిల్ల కొన్నాళ్ళు ఆమె కోసం ఏడ్చింది. పరుగెత్తుకుంటూ వస్తే అక్క రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని వెనక్కి జరిగేది. ముట్టకుండా చేయగలిగినవన్నీ చేసింది. గౌన్లు కుట్టించింది, పల్లీలు వేయించి పెట్టింది, బడికి దూరం నుంచి తోడు నడిచింది. పిల్లకు జ్వరమొచ్చి మహబూబ్‌నగర్ దవాఖానలో ఉన్నప్పుడు వార్డు బయట నేల మీద కూర్చుని, లోపలి నుంచి నేను వచ్చిన ప్రతిసారీ ఎట్లున్నదే అని అడిగింది. ఆ చేతులు కొంగులోనే ఉన్నాయి.

మల్లిక నన్ను అమ్మా అనడం మొదలుపెట్టింది. నేను గెలిచాను. నెల తిరగకముందే ఆ గెలుపు చేదైపోయింది. అక్క నాతో ఎప్పటిలాగే నవ్వేది, తిట్టేది, రొట్టె పెట్టేది. కానీ ఆమె పిల్లను చూసే చూపు మారిపోయింది. ఆకలితో ఉన్నవాళ్ళు పరాయి ఇంటి పళ్ళెం వైపు చూసి ముఖం తిప్పుకుంటారే, అట్లా. ఆ చూపు నేనిచ్చింది.

ఎందుకు చెప్పలేదంటారా? రోజూ అనుకున్నాను. చెబితే అక్క పుట్టింటికి పోతుందేమో. ఆయనకు తెలిస్తే? ఊరికి తెలిస్తే? వీటన్నిటికన్నా, ఆమె నన్ను ఇక చెల్లె అనదేమోనన్న భయం. నాకు ఆమె లేని ఇల్లు ఎట్లా ఉంటుందో తెలియదు. ప్రేమ ఉన్నచోట ఇంత పని ఎట్లా చేశావని మీరడిగితే ఇంతే చెప్పగలను. రెండూ నాలోనే ఉన్నాయి.

ప్రతి ఏడూ బోనాలకు అక్క నా ఎదురుగానే నిలబడుతుంది. డప్పు మోగుతుంటే చేతులు జోడించి నా ముఖంలోకే చూస్తుంది. నేనొచ్చి చెప్పేదాక అన్నాను కదా. తల్లి వస్తుందని, చాలిక అంటుందని ఎదురుచూపు. రెండేళ్ళ కిందట నేను నిజంగానే జుట్టు విప్పాను. ఇంకొకసారి ఊగితే పోతుంది, అబద్ధాన్ని అబద్ధంతోనే కడిగేద్దామనుకున్నాను. ఆమె కళ్ళు ఆశతో పెద్దవయ్యాయి. ఆమె మళ్ళీ నా కాళ్ళు ఒత్తుతుందని గుర్తొచ్చింది. జుట్టు ముడి వేసుకున్నాను.

ఈ ఏడూ బోనాలయ్యాయి. మరునాడు ఇద్దరం పత్తిలో కలుపు తీస్తున్నాం. పక్క పక్క సాళ్ళు. "ఈయేడు గూడ తల్లి రాలె గదనే," అంది అక్క, తల ఎత్తకుండానే. "పిల్ల రేపో మాపో పెద్దమనిషయితది. ఒక్కసారన్న జడ అల్లుదామనుకున్న. నా తాన ఏం తప్పున్నదో మరి." ఇంకా తన తప్పే వెతుక్కుంటోంది. కొడవలి కింద పెట్టాను.

"అక్కా, తల్లి రాదు," అన్నాను. "అప్పుడు గూడ రాలె. పోచమ్మ చెప్పలె. నేనే చెప్పిన."

ఆమె చేయి ఆగలేదు. సాలు చివరిదాకా కలుపు తీసుకుంటూ పోయింది. నేను ఉన్నచోటే నిలబడ్డాను. చివరికి చేరాక వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఎండిన ఒడి అన్నదిగూడ నువ్వేనా?"

"నేనే అక్కా."

కొడవలి కొంగుకు తుడిచి ఇంటిదారి పట్టింది. ఆ రోజు పొయ్యి వెలిగించింది, రొట్టెలు చేసింది, నా వాటా మీద పళ్ళెం మూత పెట్టింది. తినవానే అని మాత్రం పిలవలేదు. తిట్టలేదు కూడా. తిట్టి ఉంటే బాగుండేది.

పొద్దున బడి వేళకు మల్లిక దువ్వెన పట్టుకుని నా దగ్గరికి వస్తోంది. అక్క గడప మీద కూర్చుని ఉంది. "గిటు రా బిడ్డా," అంది. పిల్ల ఆశ్చర్యంగా నా వైపు చూసింది. వెళ్ళమని తలూపాను. కొంగులోంచి చేతులు బయటికొచ్చాయి. పిల్ల ఇప్పుడు ఒడిలో పట్టదు. అయినా లాక్కుని కూర్చోబెట్టుకుంది. నూనె పెట్టింది. చిక్కులు తీసింది. రెండు జడలు అల్లి, నచ్చక విప్పి, మళ్ళీ అల్లింది. బడి గంట మోగినా వదల్లేదు.

నేను వాకిట్లో చీపురు పట్టుకుని చూస్తున్నాను. చాన్నాళ్ళకు ఊపిరి అడుగుదాకా అందింది. అక్క నా వైపు చూడలేదు.